పాలపన్నులో ఊరి గాలి

యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో ఉపన్యాస పాఠం

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో బోదకాలు నివారణ మాత్రలు పంచే కార్యక్రమం ఏళ్ళ తరబడి నడిచింది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. మాత్ర చేతిలో పెట్టి వచ్చేస్తే చాలదు, ఎదురుగా మింగించాలి. ఆ మాత్ర పేరు డైఇథైల్ కార్బమజైన్. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనకు అప్పుడు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, 1922లో బోస్టన్ చేరి, 1948లో అమెరికాలోనే కన్నుమూసిన ఆయన ఉత్తరాంధ్రలో ఎన్నడూ పనిచేయలేదు. ఆయన పని మాత్రం నాగావళి, వంశధార ఒడ్డు పల్లెల దాకా వచ్చింది.

ఆయన పేరెత్తితే ఫోలిక్ యాసిడ్, కేన్సర్ మందులు, కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ గుర్తుకొస్తాయి. ఈ ఉపన్యాసానికి ఆయన జీవితంలోని మరి రెండు సంగతులు కావాలి. రెండూ పంటి దగ్గరికే తీసుకొస్తాయి.

మొదటిది ఫాస్ఫరస్ లెక్క. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫేట్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్, మరికొన్ని రసాయనాలు కలిపితే ద్రవం నీలంగా మారుతుంది, ఆ నీలం ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో జీవరసాయన విద్యార్థులు తరాల తరబడి దాన్ని చేతులారా చేశారు. పంటి పైపొర ఎనామిల్‌లో ఉండేది ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్‌లే.

రెండోది ఆరియోమైసిన్. సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న రోజుల్లోనే లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశారు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి తొలి బిడ్డ. ఎన్నో ప్రాణాలు నిలిపింది. 1950లలో వైద్యులు మరో సంగతి గమనించారు. పసితనంలో ఈ మందు వాడిన పిల్లలకు పళ్ళు పసుపుగా, గోధుమరంగుగా వస్తున్నాయి. టెట్రాసైక్లిన్ కాల్షియాన్ని పట్టుకుని, తయారవుతున్న పంటిలోకి దానితోపాటే చేరుతోంది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఈ మందులు రాయడానికి డాక్టర్లు వెనకాడేది అందుకే. అలాంటి పంటిని పలచగా కోసి అతినీలలోహిత కాంతిలో చూస్తే పసుపు పట్టీ మెరుస్తుంది. ఆ పట్టీ ఎక్కడుందో కొలిస్తే బిడ్డకు ఏ వయసులో మందు పడిందో చెప్పవచ్చు.

పన్ను తేదీ వేసి మరీ రాసుకుంటుందన్నమాట. మందునే రాసుకున్న పన్ను, బిడ్డ పీల్చిన గాలిని రాసుకోదా? విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు ఈ ప్రశ్న ఎంత అవసరమో చెప్పడమే ఈ ఉపన్యాసం పని.

ఎనామిల్ బరువులో 96 శాతం ఖనిజం. మనిషి ఒంట్లో అంతకు మించిన గట్టి పదార్థం లేదు. దాన్ని కట్టేవి అమెలోబ్లాస్ట్‌లనే కణాలు. అవి ముందు అమెలోజెనిన్ వంటి ప్రొటీన్లను విడుదల చేస్తాయి. ఆ మెత్తటి పదార్థంలో వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి స్ఫటికాలు పొడుగ్గా మొలుస్తాయి. తర్వాత ఎంఎంపీ-20, కేఎల్‌కే-4 అనే రెండు ఎంజైములు ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేసి తొలగిస్తాయి, ఖాళీ అయిన చోటల్లా ఖనిజం నిండుతుంది. ప్రొటీన్ పూర్తిగా తొలగకపోతే అక్కడ ఎనామిల్ సుద్దలా మిగిలిపోతుంది. ఈ పని రోజుకు నాలుగు మైక్రాన్ల చొప్పున, రోజుకో గీత వేసుకుంటూ సాగుతుంది. వారం పైచిలుకుకోసారి ముదురు గీత పడుతుంది. బిడ్డ భూమ్మీద పడిన నాటికి గుర్తుగా పాలపంటిలో ఒక ప్రత్యేకమైన గీత ఉంటుంది. దానికి ఒకవైపు తల్లి కడుపులోని కాలం, రెండోవైపు పుట్టాక గడిచిన కాలం.

పన్ను చిగురు చీల్చుకుని బయటికొచ్చేసరికి అమెలోబ్లాస్ట్‌లు అంతరించిపోతాయి. విరిగిన ఎముక అతుకుతుంది, కాలిన చర్మం మళ్ళీ వస్తుంది. ఎనామిల్‌కు ఆ అవకాశం లేదు. అందులో పడిన లోపం జీవితాంతం ఉంటుంది.

పంటి గట్టితనం గురించి పొందూరు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ ఖద్దరు నూలు వడికే ఆడవాళ్ళు పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ వాడతారు. ఆ దవడ మీది సన్నటి పళ్ళు పత్తి పోగును దువ్వి నలుసు తీసేస్తాయి. చేప పళ్ళ మీది పొర మనిషి ఎనామిల్ లాంటిది కాదు, దాన్ని ఎనామిలాయిడ్ అంటారు. పనితనంలో మాత్రం తక్కువ తినలేదు.

శాశ్వత దంతాల్లో మొదటి దవడపన్ను మీద ఎనామిల్ పని పుట్టుకతో మొదలై మూడేళ్ళకు ముగుస్తుంది. ముందు పళ్ళకు మూడు నాలుగు నెలల వయసులో మొదలై నాలుగైదేళ్ళ దాకా పడుతుంది. అంటే ఏడాది వయసులో జరిగిన హాని ఆరేళ్ళకు, పన్ను బయటికి వచ్చాక కంటపడుతుంది. ఆ మధ్య ఐదేళ్ళలో ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు. ప్రపంచంలో నూటికి పదమూడు మంది పిల్లలకు మొదటి దవడపళ్ళు, ముందు పళ్ళు సుద్దమచ్చలతో, పెళుసుగా వస్తున్నాయని సమీక్షలు అంచనా వేశాయి. వైద్యులు దీన్ని ఎంఐహెచ్ అంటున్నారు. 2001లో ఈ పేరు పెట్టారు. దీనికి ఒకే కారణం లేదు. మొదటి మూడేళ్ళలో పదేపదే వచ్చిన జ్వరాలు, న్యుమోనియా, ఉబ్బసం, వాటికి వాడిన మందులు ఈ లోపంతో కలిసి కనిపిస్తున్నాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. పొగలో పెరిగే పసిబిడ్డలకు న్యుమోనియా ముప్పు ఎక్కువన్నది ఎప్పుడో తేలిన విషయం. గాలికీ ఎనామిల్‌కూ మధ్య ఒక దారి ఇది.

ఇంకా నేరుగా వెళ్ళే దారి ఇటలీలో కనిపించింది. 1976 జులై 10న సెవెసో పట్టణం దగ్గరి రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ మేఘం ఊళ్ళ మీద పడింది. పాతికేళ్ళ తర్వాత ఫిన్లాండ్ దంతవైద్య పరిశోధకురాలు సాతు అలాలుసువా బృందం నాటి పిల్లల పళ్ళు పరీక్షించింది. ఎనామిల్ తయారీ లోపాలున్న 27 మందిలో 25 మంది ప్రమాదం నాటికి ఐదేళ్ళలోపు వారు. అప్పటికే పళ్ళు తయారైపోయిన పెద్ద పిల్లలు ఈ లోపాన్ని దాదాపు తప్పించుకున్నారు. గాలి అందరిదీ ఒకటే, తేడా వయసులో ఉంది. విశాఖలో ఆర్ఆర్ వెంకటాపురం వాసులు 2020 మే 7 తెల్లవారుజామును మరువలేరు. కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి పన్నెండు ప్రాణాలు తీసిన రోజది. స్టైరీన్ వేరు, డయాక్సిన్ వేరు. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అంటగట్టకూడదు. నాడు ఐదేళ్ళలోపున్న పిల్లల పళ్ళు చూసే పని మాత్రం ఇప్పుడే చేయాలి, శాశ్వత దంతాలు వస్తున్న వయసిది.

గాలి నుంచి ఎనామిల్‌కు మరో దారి చైనాలోని గుయిజౌ రాష్ట్రంలో కనిపించింది. అక్కడ ఫ్లోరోసిస్‌తో కోటి మందికి పైగా జనం పళ్ళకు మచ్చలు పడ్డాయి. తెలుగువాళ్ళకు ఫ్లోరోసిస్ అంటే నీరే తడుతుంది. మన దేశంలో ఈ వ్యాధి గురించి 1937లో తొలిసారి రాసింది నెల్లూరు జిల్లా పల్లెల గురించి, తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. అక్కడంతా బావి నీరే కారణం. గుయిజౌలో నీరు మంచిదే. పొగగొట్టం లేని పొయ్యిల్లో బంకమట్టి కలిపిన బొగ్గు కాల్చి, ఆ పొగలోనే మొక్కజొన్న, మిరపకాయలు ఎండబెట్టుకున్నారు. ఫ్లోరైడ్ ఇంటి గాలిలోకి, అక్కణ్ణుంచి తిండిలోకి చేరి, పిల్లల ఎనామిల్‌ను చెడగొట్టింది. పొయ్యికి గొట్టం పెట్టాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి శ్రీకాకుళం జిల్లా సోంపేటను తలచుకోవాలి. అక్కడ బీల అనే చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం కడతామంటే రైతులు, మత్స్యకారులు ఎదురు నిలిచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. బీల నీటి కోసం, పొలాల కోసం, చేపల కోసం జరిగిన పోరాటమది. ఆ మండలంలో తర్వాత పుట్టిన బిడ్డలకు బూడిద లేని గాలి కూడా దానివల్లే దక్కింది.

ఇక విజయనగరం. కోడూరులో 1892లో మాంగనీసు తవ్వకం మొదలైంది. భారతదేశంలో మాంగనీసు తవ్వకాల చరిత్ర అక్కడే ఆరంభం. గర్భాం, గరివిడి, చీపురుపల్లి చుట్టూ గనులు లేచాయి. భూగర్భ శాస్త్రవేత్త లూయిస్ లీ ఫెర్మర్ 1909లో అచ్చయిన తన బృహద్గ్రంథంలో ఇక్కడి ఒక శిలను కోడురైట్ అనే పేరుతో వర్ణించాడు. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శిలాశాస్త్రంలో అలా నిలిచిపోయింది. 1950లలో గరివిడి శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చింది. తర్వాతి కాలంలో బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో, కొత్తవలసలో ఇదే రకం పరిశ్రమలు పెరిగాయి. ఆ కొలుముల మీద బతికిన కుటుంబాలు ఎన్నో. పని మూతపడిన రోజుల్లో ఆ ఊళ్ళు ఎంత నలిగాయో అక్కడివారికి తెలుసు. కాబట్టి ఈ మాటలు ఉపాధిని తీసిపారేసే మాటలు కావు.

కొలిమిలో జరిగేది ఇది. ఖనిజాన్ని ముక్కలు చేసి, కోకు, క్వార్ట్జ్ కలిపి, విద్యుత్ కొలిమిలో కరిగిస్తారు. రాయి కొట్టేచోట లేచేది ముతక దుమ్ము, చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. కరిగిన లోహాన్ని బయటికి వదిలేటప్పుడు లేచే పొగలో మాంగనీసు ఆక్సైడ్ అతి సన్నటి రేణువులుగా ఉంటుంది. అది ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. బ్యాగ్ ఫిల్టర్లు సరిగా పనిచేస్తే దాన్ని పట్టేయగలవు. రాత్రిపూట కూడా అవి నడుస్తున్నాయా లేదా అన్నది కొలిచి చూడాల్సిన సంగతి.

మాంగనీసు ఒంటికి కావాల్సిందే. ఎముకకూ, ఎంజైములకూ అది లేకపోతే గడవదు. అన్నంతో, ఆకుకూరతో లోపలికి వెళ్ళిన మాంగనీసులో ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంలో బయటికి పంపేస్తుంది. పీల్చినదానికి ఆ కాపలా లేదు. నేరుగా రక్తంలో కలుస్తుంది, కొంత ముక్కు నరం వెంట మెదడుకే పాకుతుంది. 1837లో గ్లాస్గో వైద్యుడు జాన్ కూపర్ మాంగనీసు రాయిని పిండి చేసే కార్మికులు తూలుతూ నడవడం, మాట తడబడడం చూసి రాశాడు. పార్కిన్సన్ జబ్బును పోలిన ఆ వ్యాధిని ఇప్పుడు మాంగనిజం అంటారు. గాలిలో మాంగనీసు ఏడాది సగటున ఘనపు మీటరుకు 0.15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. పసిబిడ్డల్లో పైత్యరసం ద్వారా బయటికి పంపే శక్తి ఇంకా కుదురుకోదు. అందుకే పెద్దల కన్నా వాళ్ళ గురించి ఎక్కువ భయపడాలి.

ఇటలీలోనే, బ్రెషా రాష్ట్రంలో వాల్కమోనికా అనే లోయ ఉంది. గరివిడి లాంటి చోటే. ఫెర్రో అల్లాయ్ కర్మాగారాలు అక్కడ 2001 దాకా నడిచాయి. మూతపడిన కొన్నేళ్ళ తర్వాత రొబెర్తో లుక్కీనీ బృందం ఆ లోయ పిల్లలను పరీక్షించింది. మాంగనీసు తగిలిన పిల్లల్లో చేతుల వణుకు, కదలికల పొందికలో లోపం, వాసన గుర్తించడంలో తేడా కనిపించాయి. అయితే ఆ మాంగనీసు ఎప్పుడు తగిలింది? రక్తం చూస్తే కొద్ది వారాల కబురే చెబుతుంది, జుట్టు కొన్ని నెలలది. న్యూయార్క్ మౌంట్ సైనాయ్‌లో పనిచేసే మనీశ్ అరోరా దీనికి పాలపళ్ళను ఆశ్రయించాడు. ఊడిన పంటిని నిలువునా కోసి, పుట్టిన గీతను గుర్తుపట్టి, దానికి ఇటూ అటూ ఎనామిల్ అంచున ఉండే డెంటిన్ అనే లోపలి పొర మీద సన్నటి లేజర్ కిరణంతో చుక్క తర్వాత చుక్క ఆవిరి చేస్తూ, ఆ ఆవిరిలో లోహమెంతో తూచాడు. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఎంత, మొదటి ఏడాదిలో ఎంత అనేది విడివిడిగా తేలింది. ఇరవై ఏళ్ళ కిందటి గాలిని కొలిచే యంత్రం ఎవరూ పెట్టలేదు. పిల్లల నోట్లో అది దానంతట అదే పనిచేసింది.

పాలపళ్ళతో ప్రభుత్వాలను కదిలించిన ఊరు ఒకటుంది. అమెరికాలో సెయింట్ లూయీ. అణుబాంబు పరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం-90 గాలిలో వచ్చి, గడ్డి మీద పడి, ఆవు పాలలోంచి పిల్లలకు చేరుతోందా అని 1958లో అక్కడి తల్లులు, వైద్యులు అడిగారు. స్ట్రాన్షియం కాల్షియంలా నటించి పంటిలోకి దూరుతుంది. డాక్టర్ లూయీజ్ రైస్ నాయకత్వాన పిల్లల నుంచి పళ్ళు సేకరించారు. 1970 నాటికి దాదాపు 3,20,000 పళ్ళు వచ్చాయి. పరీక్షలు పెరుగుతున్న ఏళ్ళలో పుట్టిన పిల్లల పళ్ళలో స్ట్రాన్షియం పెరిగిందని 1961లోనే అచ్చేశారు. 1963లో గాలిలో అణు పరీక్షలను ఆపే ఒప్పందం కుదిరిన చర్చల్లో ఈ పళ్ళ మాట కూడా ఉంది. పన్ను ఇచ్చిన పిల్లలకు ఒక బ్యాడ్జీ ఇచ్చేవారట. ఆ చిన్న మర్యాదకు ఎంత విలువుందో బడిపంతుళ్ళకు బాగా తెలుస్తుంది.

మళ్ళీ మన జిల్లాలకు వస్తే, పలాస-కాశీబుగ్గలో గాలి కథ వేరు. అక్కడ జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ. జీడితొక్కలోని నూనెలో ఘాటైన ఫినాల్ జాతి రసాయనాలుంటాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు పొక్కేది వాటివల్లే. తొక్కను వంటచెరకుగా మండించినప్పుడు అదే ఘాటు పొగలోకి వస్తుంది. గర్భంతో ఉన్నా పనికి వెళ్ళే అమ్మలు, బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని పప్పు ఒలిచే అమ్మలు ఆ పరిశ్రమకు ఆధారం. కాల్చడం బదులు ఆవిరిమీద ఉడికించే పద్ధతికి మారిన చోట పొగ తగ్గింది. మిగిలినవాటిని మార్చడానికి సాయం అందించడం పరిశ్రమకూ మంచిదే.

ఎనామిల్‌నూ గాలినీ కలిపి చూడడం అతిశయం అనిపించేవారికి హైదరాబాద్ శివారు పల్లెల అధ్యయనం ఒకటి చెప్పాలి. అక్కడి 28 గ్రామాల్లో 3,717 మంది ఎముకల ఖనిజాన్ని కొలిచి, వాళ్ళు పీల్చే గాలితో పోల్చారు. 2020లో ఫలితాలు వచ్చాయి. పీఎం 2.5 సన్నరేణువులు ఎక్కువున్న చోట నడుము, తుంటి ఎముకల్లో ఖనిజం తక్కువ. అక్కడి సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. దేశ ప్రమాణం 40, కాబట్టి కాగితం మీద ఆ గాలి మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. ఎముకా, పన్నూ రెండూ అపటైట్ ఖనిజంతో కట్టినవే. ఎముక పెద్దయ్యాక కూడా మారుతుంది కాబట్టి ఆలస్యంగానైనా కోలుకునే దారి ఉంది, ఎనామిల్‌కు అదీ లేదు.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. గాలి ప్రమాణాలు అందుకోని ఆంధ్రప్రదేశ్ నగరాలు పదమూడింటిని అందులో చేర్చారు, వాటిలో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. పట్నం వీధుల్లో నీళ్ళు చల్లడం, రోడ్లు ఊడవడం మంచిదే. ఆ కొలతలు పీఎం 10 మీద నడుస్తాయి. రేణువు ఎంత ఉందో అది చెబుతుంది, అందులో మాంగనీసు ఎంతో, జీడి పొగ ఎంతో, కట్టెల పొయ్యి పొగ ఎంతో చెప్పదు. గరివిడి, బొబ్బిలి, పలాస ఆ జాబితాలోని నగరాలు కావు.

ఇక చేయాల్సిన పని. తెలుగు ఇళ్ళలో ఊడిన పాలపన్నును పేడలో చుట్టి ఇంటికప్పు మీదకు విసిరే అలవాటుంది. కొత్త పన్ను బాగా రావాలని కోరుకుంటూ చేసే పని అది. ఆ కోరిక అలాగే ఉండనిచ్చి, రెండో పన్నునైనా కడిగి, ఆరబెట్టి, కాగితం కవరులో ఉంచమని బడిలో అడగవచ్చు. కవరు మీద పుట్టిన నెల, తల్లి గర్భిణిగా ఉన్న ఊరు, మొదటి మూడేళ్ళు పెరిగిన ఊరు, ఇంట్లో పొయ్యి ఏ రకం అన్నవి చాలు. బిడ్డ పేరు బదులు సంఖ్య. గరివిడి, బొబ్బిలి, పలాస పిల్లలతోపాటు పోలికకు సీతంపేట కొండ మీది సవర, జాతాపు పిల్లల పళ్ళు కూడా కావాలి. అక్కడ కర్మాగారం లేదు, కట్టెల పొగ ఉంది. పంటిని కోసి చూసే చేతులు దంతవైద్య కళాశాలల్లో ఉన్నాయి. లోహాలను అతి చిన్న మోతాదుల్లో తూచే ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్లు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఉన్నాయి. కోడూరు రాయిని చదివే శాస్త్రమే కోడూరు బిడ్డ పంటినీ చదవగలదు.

అంగన్‌వాడీ రిజిస్టర్లలో బిడ్డ బరువు, టీకాలు రాసే ఉంటాయి. ఆరో ఏట దవడపన్ను వచ్చినప్పుడు బడిలో దంతవైద్యుడు ఒకసారి చూసి, సుద్దమచ్చ ఉందో లేదో అదే రిజిస్టరు సంఖ్య కింద రాస్తే పుట్టినప్పటి నుంచీ లెక్క కలుస్తుంది. ఫలితాల నకలు కర్మాగారానికీ, కాలుష్య నియంత్రణ మండలికీ వెళ్ళే రోజే గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో అంటించాలి. ఎక్కువ మాంగనీసు కనిపించిన వీధిలో గాలిని కొలిచే పెట్టె పెట్టి, కొలిమి నడిచే రాత్రుల్లో కూడా దాన్ని నడపాలి.